చుట్టూ తిరిగేవాళ్ళని దారి తప్పినవాళ్ళని రాశాను

మ్యూజియంలో ఉద్యోగం అనగానే మనవాళ్ళు వేసే మొదటి ప్రశ్న, "టికెట్లు ఇస్తారా?" అని. కాదంటే రెండో ప్రశ్న, "అయితే విగ్రహాలు తుడుస్తారా?" అని. న్యూజెర్సీలో ఒకే మ్యూజియంలో ముప్ఫై ఏళ్ళు పనిచేశాను. పార్సిప్పనీలో వెళ్ళిన ప్రతి బర్త్‌డే పార్టీలోనూ ఈ రెండు ప్రశ్నలకీ జవాబు చెప్పాను. చివరికి విసుగెత్తి, తుడుస్తాననే చెప్పడం మొదలుపెట్టాను. అప్పుడు మాత్రం అందరికీ చక్కగా అర్థమయ్యేది.

నేను చేసింది సందర్శకుల పరిశీలన. జనం లోపలికి వచ్చి దేని ముందు నిలబడతారు, ఎంతసేపు నిలబడతారు, దేన్ని కన్నెత్తి కూడా చూడకుండా పోతారు, ఇంటికెళ్ళాక వాళ్ళకి ఏం గుర్తుంటుంది, ఇవన్నీ కనిపెట్టి పైవాళ్ళకి చెప్పడం. ఇప్పుడు దీనికి పెద్ద పెద్ద పేర్లున్నాయి, మాస్టర్స్ కోర్సులున్నాయి. మా స్నేహితురాలి కూతురు ఈ మధ్యే ఈ లైన్‌లో చేరింది. "ఆంటీ, ఏ సాఫ్ట్‌వేర్ నేర్చుకుంటే బెటర్?" అని అడిగింది. అమ్మా, సాఫ్ట్‌వేర్ ఏదో వాళ్ళే నేర్పుతారు. నేను చెప్పగలిగింది నేను చేసిన తప్పు సంగతి. ఇది ఆ పిల్లకోసం రాస్తున్నాను. ఇంకెవరికైనా పనికొస్తే సంతోషం.

స్తంభం చాటు కొలువు

మొదటి రోజు మా బాస్ మార్గరెట్ నా చేతిలో ఒక స్టాప్‌వాచ్, హాల్ మ్యాప్ ఉన్న కాగితాలు, పెన్సిలు పెట్టింది. తలుపులోంచి వచ్చిన ఒక మనిషిని ఎంచుకోవాలి. వాళ్ళకి తెలియకుండా వెనకే వెళ్ళాలి. ఎక్కడ ఆగారో మ్యాప్ మీద గీయాలి, ఎంతసేపు ఆగారో పక్కన రాయాలి. ఇంతే పని. నేను ఒక ముసలాయన వెనక గంట తిరిగాను. ఆయన మూడో హాల్లోకి వెళ్ళేసరికి నీలం కోటు వేసుకున్న గ్యాలరీ అటెండెంట్ నాకు అడ్డంగా నిలబడ్డాడు.

"మీరు చాలాసేపట్నుంచి ఆ పెద్దాయన వెనకే పడ్డారు. ఏమిటి సంగతి?" అన్నాడు.

"నేను ఇక్కడే పనిచేస్తున్నాను," అన్నాను.

"అలాగే అంటారు అందరూ," అన్నాడు. నన్ను మార్గరెట్ దగ్గరికి తీసుకెళ్ళి అప్పజెప్పాడు. అతనే రేమండ్. తర్వాత ఇద్దరం దాదాపు పదవీ విరమణ దాకా ఒకే చోట పనిచేశాం. ఆ మ్యూజియం మొత్తమ్మీద వసుంధర అనే నా పేరు పూర్తిగా పలికింది అతనొక్కడే.

మార్గరెట్‌కి నవ్వడం రాదు గానీ పని వచ్చు. ఒకసారి నేను, "ఈమె ఈ చిత్రాన్ని బాగా ఆస్వాదించింది" అని రాశాను. ఆవిడ ఎర్ర సిరాతో కొట్టేసి, "నీకెలా తెలుసు?" అంది. వెళ్ళి ఆ సందర్శకురాలినే అడిగాను. కొత్త చెప్పులు కరిస్తే, కాలికి కాస్త ఊరట కోసం ఆ చిత్రం ముందు నిలబడిందట. బొమ్మలో ఏముందో కూడా చూడలేదు. ఆ రోజు నుంచీ మార్గరెట్ నాకు ఒక మాట వంటబట్టించింది: కాలు ఏం చేసిందో రాయి, మనసు ఏం చేసిందో తెలియాలంటే నోరు తెరిచి అడుగు.

అడిగినా చిక్కే. జనం మర్యాదకి అబద్ధం చెప్తారు. మనవాళ్ళయితే మరీను. పెళ్ళిలో భోజనం ఎలా ఉందంటే బ్రహ్మాండం అంటారు, ఇంటికొచ్చి పెరుగన్నం కలుపుకుంటారు. అందుకే ఒకసారి అడిగి ఊరుకోకూడదు. పక్కన కూర్చోవాలి, కాఫీ తాగాలి, రెండోసారి అడగాలి. ఇదంతా నెమ్మదిగా జరిగే పని. పైవాళ్ళకి అదే నచ్చదు.

తెరలు వచ్చిపడ్డాయి

మార్గరెట్ రిటైరయింది. కొత్త డైరెక్టర్ బ్రయన్ వచ్చాడు. మంచివాడే. పిల్లలకి ఉచితంగా తలుపులు తెరిచింది అతనే. కానీ ఏ హాల్లోకి వచ్చినా ముందు గోడలో కరెంటు ప్లగ్గు ఎక్కడుందా అని చూసేవాడు. ఖాళీ గోడ కనబడితే అక్కడో టీవీ తెర పెట్టాలి. కుండ పక్కన తెర, కత్తి పక్కన తెర, తెర పక్కన ఆ తెరని ఎలా వాడాలో చెప్పే ఇంకో తెర.

ఒకసారి ఈజిప్టు హాల్లో వేలితో నొక్కి చూసే పెద్ద టచ్ టేబుల్ పెట్టారు. జనం దాని ముందు చాలా ఎక్కువసేపు నిలబడుతున్నారని ఆ బల్లలోని కంప్యూటరే లెక్క చెప్పింది. బ్రయన్ పొంగిపోయి ఆ ముక్క వార్షిక నివేదికలో వేయించాడు. నేను కిందికెళ్ళి చూశాను. అది హ్యాంగ్ అవుతోంది. జనం మమ్మీ బొమ్మని నొక్కి, అది తెరుచుకుంటుందేమోనని నిలబడి ఎదురుచూస్తున్నారు! ఒకాయన అయితే భార్యని బల్ల దగ్గర కాపలా పెట్టి, హాలంతా తిరిగొచ్చి, "వచ్చిందా?" అని అడిగాడు.

ఈ మాట చెబితే బ్రయన్, "అయినా నిలబడ్డారు కదా!" అన్నాడు. బస్సు రాకపోతే స్టాపులో కూడా నిలబడతారు నాయనా, అని మనసులో అనుకున్నాను. పైకి అనలేదు. అనవలసింది. ఈ ఉద్యోగంలో నేను మింగిన మాటలన్నీ కలిపితే అదే ఒక పుస్తకం అవుతుంది.

చుక్కలు

ఇక నా తప్పు సంగతి.

మా మ్యూజియంలో దక్షిణాసియా గది ఒకటి ఉంది. చిన్న గది. మధ్యలో నాలుగు వైపులా అద్దం ఉన్న పెట్టెలో ఒక కంచు అమ్మవారు. రేమండ్ చాలా ఏళ్ళుగా ఆ గదిలోనే డ్యూటీ. సూపర్‌వైజర్ ఉద్యోగం ఇస్తామన్నా వద్దని అక్కడే ఉండిపోయాడు. ఆ గదిలోనే రిటైరవుతానని అందరికీ చెప్పుకునేవాడు.

బ్రయన్ ఒక కంపెనీని పిలిచి హాళ్ళన్నిటికీ కప్పులో సెన్సర్లు పెట్టించాడు. ఒక్కో సందర్శకుడూ మా కంప్యూటర్ మీద ఒక్కో చుక్క. చుక్క కదులుతుంది, ఆగుతుంది, రంగు మారుతుంది. వస్తువుల దగ్గర చిన్న కెమెరా పెట్టి మనిషి కళ్ళు ఎటు చూస్తున్నాయో కూడా లెక్కేస్తారు. స్టాప్‌వాచ్ పట్టుకుని స్తంభాల చాటున నిలబడి నా మోకాళ్ళు అరిగిపోయాయి. నిజం చెప్పొద్దూ, నాకూ ఆ చుక్కలు ముద్దొచ్చాయి. ఇంట్లో సోఫాలో కూర్చుని మ్యూజియం మొత్తం చూడొచ్చు!

ఆ కంపెనీ తరపున మాతో మాట్లాడేది సందీప్. వరంగల్ కుర్రాడు, హెచ్-వన్ వీసా మీద ఉన్నాడు, పార్సిప్పనీలోనే అపార్ట్‌మెంట్. మొదటి మీటింగ్‌లో డైరెక్టర్ ముందు నన్ను "ఆంటీ" అన్నాడు. "ఆఫీసులో ఆంటీ ఏమిటయ్యా?" అంటే మేడమ్‌కి మారాడు.

దక్షిణాసియా గది రిపోర్ట్ వచ్చింది. ఆ గదిలో చాలామంది సందర్శకులు "దారి తప్పినవాళ్ళు" అని ఉంది. ఒకే చోట గుండ్రంగా తిరుగుతున్నారట. ముఖ్య వస్తువు ముందు నిలబడి కూడా దాన్ని చూడటం లేదట, కళ్ళు మూసుకుంటున్నారట. అంటే విసుగో, నిద్రో. కొందరు గుమ్మంలోనే ఆగిపోతున్నారట, లోపలికి రావాలో వద్దో తెలియక. కాబట్టి అమ్మవారిని స్టోరేజీకి పంపి, ఆ స్థానంలో గోడనిండా తెర పెట్టాలి. తెర మీద విగ్రహాన్ని వేలితో తిప్పుకోవచ్చు, చుట్టూ తిరిగే బాధ ఉండదు. తెరే అన్నీ చెబుతుంది గనక అటెండెంట్ కూడా అక్కర్లేదు.

పరిశీలన విభాగం తరపున సంతకం చెయ్యమన్నారు. గుండ్రంగా తిరుగుతున్నారు. కళ్ళు మూసుకుంటున్నారు. గుమ్మంలో ఆగుతున్నారు. ఈ మూడు వాక్యాలూ నేను చదివాను. చదివి, పొయ్యి మీద పప్పు పొంగుతుంటే లేచి, వచ్చి సంతకం పెట్టేశాను. ఇది చదువుతున్న మీకు ఈపాటికే తెలిసిపోయి ఉంటుంది. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ గుళ్ళ చుట్టూ తిరిగినదాన్ని, నాకు తట్టలేదు!

శనివారం

మర్నాడు రేమండ్ ఫోన్ చేశాడు. కోపంగా లేడు. అదే ఎక్కువ బాధ.

"నువ్వు సంతకం పెట్టావట కదా. ఒకసారి కిందికొచ్చి చూశావా?" అన్నాడు.

"డేటా చూశాను."

"నేను ఈ గదిలోంచి పోతానని కాదు. సరే, అది కూడా. ముందొచ్చి చూడు. శనివారం రా, మధ్యాహ్నం."

వెళ్ళాను. గుమ్మం పక్కన ఒక చిన్న చాప, దాని మీద నాలుగు జతల చెప్పులు. మ్యూజియంలో చెప్పులు విప్పకూడదని రూలు. రేమండ్ ఆ రూలుని చాప కింద పెట్టేశాడు. లోపల ఒక పెద్దావిడ పెట్టె చుట్టూ తిరుగుతోంది. ఒక చుట్టు, రెండు, మూడు. ఎదురుగా ఆగి, చేతులు జోడించి, కళ్ళు మూసుకుంది. నా ఫోన్‌లో చుక్కల బొమ్మ తెరిచి చూశాను. ఆవిడ చుక్క ఎర్రగా వెలుగుతోంది. దారి తప్పింది.

నవ్వొచ్చింది. వెంటనే సిగ్గేసింది.

ఆవిడ కళ్ళు తెరిచి నన్ను చూసింది. "ఏమ్మా, తెలుగువాళ్ళా?"

"అవునండీ."

"మొహం చూస్తే అనుకున్నాను. మాది భీమవరం. అబ్బాయి ఇక్కడ దింపేసి గ్రోసరీకి వెళ్తాడు. నాకు ఈవిడ దగ్గర కూర్చుంటే బాగుంటుంది. పూజ లేదు, నైవేద్యం లేదు, ఇక్కడ మొక్కొచ్చో లేదో కూడా తెలీదు. అయినా ఎదురుగా కనపడ్డాక చెయ్యి ఎత్తకుండా ఎలా ఉంటాం?" అంది. అంతలో గొంతు తగ్గించి, "ఈవిణ్ణి తీసేసి టీవీ పెడతారంటగా? ఎవడమ్మా ఆ చెప్పినవాడు?" అంది.

చెప్పినదాన్ని నేనే. ఫోన్ సంచీలో పడేశాను.

"ఆ రేమండ్ గారు మంచాయన. మొదటిసారి నేను బెరుగ్గా గుమ్మంలో నిలబడితే, ఇలా రండి అని చెయ్యి చూపించాడు. అమ్మవారు కుడిపక్కకి వచ్చేట్టు తిరగాలని కూడా తెలుసు ఆయనకి!"

ఆ మధ్యాహ్నమంతా బెంచీ మీద కూర్చుని అమ్మవారిని కాదు, రేమండ్‌ని చూశాను. నిజానికి ఆ బెంచీ ఉండాల్సింది గోడ పక్కన కాదు, పెట్టె దగ్గర. ప్రదక్షిణకి అడ్డం రాకుండా పొద్దున్నే అతను జరుపుతాడు. స్కూల్ పిల్లల గుంపు వస్తే, లోపల ఉన్న పెద్దవాళ్ళ మూడో చుట్టు అయ్యేదాకా వాళ్ళని గుమ్మంలో ఆపి ఏవో కబుర్లు చెబుతాడు. ఎవరైనా వ్యతిరేక దిశలో తిరిగితే చేత్తో సైగ చేస్తాడు. నేలమీద ఇనప పట్టీ ఉన్నచోట వట్టికాళ్ళవాళ్ళని హెచ్చరిస్తాడు. ఒక తెల్ల పిల్ల, "వాళ్ళెందుకు తిరుగుతున్నారు?" అని అడిగితే, "నువ్వే వాళ్ళని అడుగు, చెప్తారు" అన్నాడు. భీమవరం ఆవిడ తన వచ్చీరాని ఇంగ్లీషులో ఆ పిల్లకి ఏదో చెప్పింది. ఇద్దరూ కలిసి ఒక చుట్టు తిరిగారు. కంప్యూటర్ మీద ఇద్దరూ దారి తప్పారు.

రెండో రిపోర్ట్

ఆ రాత్రే సందీప్‌కి ఫోన్ చేశాను.

"అది ప్రదక్షిణయ్యా! నీకన్నా తట్టలేదా?"

"అయ్యో... నేను గ్రాఫ్‌లే చూసిన మేడమ్, రూమ్ చూడలే. మా ప్రోగ్రామ్ షాపింగ్ మాల్ డేటా మీద ట్రెయిన్ అయింది. మాల్‌లో రౌండ్ కొడితే దారి తప్పినట్టే కదా. సిస్టమ్‌లో ప్రదక్షిణ అని కేటగిరీ లేదు."

"మరి ఆ మాట బ్రయన్‌కి చెప్పు."

"నేను చెప్తే మా మేనేజర్ ఊకోడు మేడమ్. వీసా రెన్యువల్‌లో ఉన్న. మీరు రాయండి, నేను కాదనను."

సరే, నేనే రాశాను. నా ముప్ఫై ఏళ్ళలో అంత శ్రద్ధగా ఏదీ రాయలేదు. వరసగా శనాదివారాలు వెళ్ళి కూర్చున్నాను. మార్గరెట్ నేర్పినట్టు కాళ్ళు ఏం చేశాయో రాశాను, సందర్శకుల పక్కన కూర్చుని అడిగాను, రెండోసారి అడిగాను. ఆ గది బాగుండటానికి కారణం రేమండ్ అని నిరూపించాలి, అతన్ని అక్కడే ఉంచాలి. అదొక్కటే నా పట్టుదల. అందుకని అతను చేసే పనులన్నీ ఒక్కటీ వదలకుండా రాశాను. చాప ఎక్కడ వేస్తాడు, బెంచీ ఎంత జరుపుతాడు, గుంపుని ఎక్కడ ఆపుతాడు, చెయ్యి ఎటు చూపిస్తాడు, ఏ మాటలు అంటాడు. బొమ్మలు కూడా గీశాను.

బ్రయన్ నన్ను పిలిచాడు. నా రిపోర్ట్ అతని బల్ల మీద ఉంది, నిండా పసుపురంగు గీతలు.

"అద్భుతం!" అన్నాడు. "విగ్రహం ఎక్కడికీ పోదు. తెర ఆలోచన మానేస్తున్నాం. నీదే గెలుపు."

నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. "థాంక్యూ బ్రయన్. రేమండ్‌కి నేనే చెప్తాను," అన్నాను.

"చూడు, ఇన్నేళ్ళూ ఆ గది ఎలా నడుస్తోందో మాకు తెలియలేదు. నువ్వు మొత్తం విడదీసి చూపించావు," అంటూ పేజీలు తిప్పాడు. చాప బదులు చెప్పులకి అర, బెంచీ నేలకి బోల్టు, నేలమీద ఎటు తిరగాలో బాణాలు, స్కూల్ పిల్లల కోసం గుమ్మంలో ఎర్ర దీపం, పచ్చ దీపం, ఇనప పట్టీ దగ్గర రికార్డు చేసిన గొంతు. "ఇవన్నీ పెట్టేస్తే ఇంక అక్కడ మనిషిని నిలబెట్టాల్సిన పనే లేదు!"

నేను వాదించాను. అరిచాను కూడా. మనిషి చేసే పని వేరు, బాణం చేసే పని వేరు అన్నాను. "తేడా ఏమిటో ఈ రిపోర్ట్‌లో ఎక్కడుంది?" అని అడిగాడు. వెటకారంగా కాదు, నిజంగానే అడిగాడు. పేజీలన్నీ తిరగేశాను. లేదు. బెంచీ ఎంత జరపాలో కొలత ఉంది గానీ, అది లేదు. తాను తవ్వుకున్న గోతిలో తానే పడటం అంటారే, నా గోతిలో నేను పడలేదు. రేమండ్‌ని తోశాను.

ఆ నెలలోనే అతన్ని పార్కింగ్ గ్యారేజీకి మార్చారు. గేటు దగ్గర చిన్న అద్దాల గది, లోపల ఒక స్టూలు. ఇప్పుడు మ్యూజియం వాళ్ళు ఆ అమ్మవారి గదిని కాన్ఫరెన్సుల్లో గొప్పగా చూపించుకుంటారు, కింద నా పేరు వేస్తారు. వెయ్యొద్దని రెండుసార్లు ఉత్తరం రాశాను. గౌరవమని వేస్తూనే ఉన్నారు.

కాబట్టి, అమ్మా, నువ్వు ఏ సాఫ్ట్‌వేర్ నేర్చుకున్నా ఫరవాలేదు. ఒక మనిషి గురించి ఏదైనా రాస్తే, పైకి పంపేముందు ఆ మనిషికి చూపించు. నేను సందర్శకుల్ని వంద ప్రశ్నలు అడిగాను. రేమండ్‌కి సాయం చేస్తున్నాననే గర్వంలో అతన్ని ఒక్కటీ అడగలేదు.

నా చివరి రోజున పువ్వులు, కేకు పెట్టె కారులో పెట్టుకుని బయటికొస్తున్నాను. గేటు దగ్గర ఆపి అద్దం దించాను. రేమండ్ నా టికెట్ తీసుకోలేదు. నా రిపోర్ట్ ఎవరో ప్రింటు తీసి ఇస్తే చదివానన్నాడు.

"బాగా రాశావు వసుంధరా. అన్నీ నిజాలే. కానీ అవన్నీ ఎవరైనా చేస్తారు. నేను ఆ గదిలో ఎందుకు ఉండిపోయానో నన్నడిగితే చెప్పేవాణ్ణి."

"ఇప్పుడు చెప్పు రేమండ్," అన్నాను.

అతను నా కారు వెనక్కి తలెత్తి చూశాడు.

"ఇప్పుడు నీ వెనక కార్లున్నాయి," అని గేటు ఎత్తాడు.